అంగుళం గుర్తులు

"రెండు నిమిషాల పనేనమ్మా, తనని ఒక్కసారి బయటికి పిలువు."

కొడుకు ఆ మాట అనగానే ఆమె బీన్స్ ఈనెలు తీయడం ఆపేసింది. లేచి, కుర్చీ లాక్కెళ్లి కోడలి గది తలుపుకు అడ్డంగా వేసుకుని కూర్చుంది. లోపల కోడలు కంప్యూటర్ ముందు ఇంటర్వ్యూలో ఉంది. గట్టెక్కితే వాళ్ల ఆఫీసులో సెక్షన్ హెడ్. మధ్యలో తలుపు తడితే అంతే సంగతులు.

"నాలుగింటికల్లా రిపోర్టు పంపకపోతే మా మేనేజరు నన్ను నంజుకు తింటాడు!"

కొడుకుది పైపుల కంపెనీ. వారం వారం ఎక్సెల్‌లోని లెక్కలు రిపోర్టులోకి ఎక్కించాలి. కాపీ కొట్టేది అతనే. కాపీతోపాటు పిలవని పేరంటంలా వచ్చిపడే కొటేషన్ గుర్తులు, ఖాళీలు, సగానికి విరిగిన వరుసలు మాత్రం పెళ్లాం వాటా. "కాస్త తుడిచిపెట్టవోయ్" అని ఒళ్లు విరుచుకుని వెళ్లిపోయేవాడు. ఆమె కూరగాయల పళ్లెంతో కోడలి పక్కన చేరి ఆ పని చూసేది. ఎంత నేర్పు! కోడలు దేన్నీ తొందరపడి చెరిపేది కాదు. ముందు ఒక బటన్ నొక్కేది. తెల్లగా కనిపించే కాగితం నిండా చుక్కలూ బాణాలూ పుట్టుకొచ్చేవి. "కనబడని చెత్తే ఎక్కువ అత్తయ్యా. ముందు దాన్ని కనబడేట్టు చెయ్యాలి" అనేది. ఆ మాట ఆమె మనసులో చాలా రోజులు తిరిగింది. ఈ ఇంట్లో తను పొద్దస్తమానం చేసేది ఎవరికైనా కనబడిందా? "రోజంతా ఇంట్లో ఏం చేస్తావోయ్" అని భర్త నవ్వుతూనే అనేవాడు. నవ్వుతూ అన్నాడు కదా అని ఆమే నవ్వేసేది.

"సరేలే, నేనే చేసుకుంటా" అని కొడుకు లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నాడు. "కొటేషన్లన్నీ ఒక్క దెబ్బకి లేపేస్తే పోలా!"

"ఆగరా!"

అప్పటికే నొక్కేశాడు. గుర్తులన్నీ మాయం. వాటితోపాటే పైపుల సైజుల పక్కనుండే, అచ్చం కొటేషన్‌లాగే కనిపించే అంగుళం గుర్తులూ మాయం. రెండంటే రెండు అంగుళాలో, రెండు అడుగులో చెప్పే దిక్కు లేదు.

"చెరిపినవన్నీ వెనక్కి తెచ్చుకో" అంది ఆమె కుర్చీలోంచే. " ఇప్పుడు జంటగా ఉన్న గుర్తులన్నీ గళ్ల గుర్తుగా, అదే ఆ హ్యాష్‌గా, మార్చు. కాపీలో ఒకటికి రెండైన నీ అంగుళాలు అవే. తర్వాత ఒంటిగా మిగిలినవి తీసెయ్. ఆఖర్న గళ్ల గుర్తున్న చోటల్లా అంగుళం పెట్టు."

"నీకెలా తెలుసు?"

"పక్కన కూర్చుని చూశా. నువ్వూ కూర్చోవాల్సింది."

విరిగిన వరుసలు ఒక్కొక్కటీ అతికించేసరికి కొడుకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. నాలుగు కొట్టబోతుండగా రిపోర్టు వెళ్లింది. "ఇంత పనుంటుందా ఇందులో?" అన్నాడు గొణుగుతున్నట్టు. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి కోడలి గొంతు, తొణక్కుండా, "థాంక్యూ సర్, వచ్చే నెల నుంచే సెక్షన్ బాధ్యత తీసుకుంటాను" అంది. ఆమెకు తనే గెలిచినట్టు గుండె పొంగింది.

"ఏమోయ్, టీ ఏమైంది?" హాల్లోంచి భర్త కేక.

ఆమె కుర్చీలోంచి కదల్లేదు.

"గిన్నె పొయ్యి పక్కనే ఉంది. ముందు నీళ్లు పొయ్యండి. తర్వాతేం చెయ్యాలో ఇక్కణ్ణుంచే చెబుతా."