టోపీలు తీయించిన శనివారం

కృపాబాయి ఉడికిన కోడిముక్కల్లోంచి ఎముకలు ఏరుతోంది. ఇంకా వేడి తగ్గలేదు, వేళ్ళు చురుక్కుమంటున్నాయి. మూడేళ్ళుగా శనివారం పొద్దున్న ఇదే పని. సూపు కోసం వచ్చే ఇల్లూవాకిలీ లేని నలభై మందిలో సగం మందికి నమలడానికి పళ్ళు లేవని మొదటి నెలలోనే కనిపెట్టింది. అప్పట్నుంచి ఎముక తగలకుండా చేస్తోంది. ఆ సంగతి భర్త సువార్తరాజుకి ఇప్పటికీ తెలియదు. ఆయనకి తెలిసింది కెనడాలోని ఈ లండన్ ఊరి డౌన్‌టౌన్‌లో సూపు పంచే పార్కింగ్ లాటు, చేతిలో మైకు, పాలకొల్లు సంఘానికి వాట్సాప్‌లో వెళ్ళే వీడియో. "బ్రదర్ గారికి ఆత్మల భారం ఎక్కువండి" అని అక్కణ్ణుంచి మెసేజులు వస్తాయి. సూపు ఎవరు కాచారని ఒక్కరూ అడగలేదు. వారమంతా వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి స్నానాలు చేయించే కృపకి శనివారం ఒక్కటే సెలవు. "దేవుడి పనికి సెలవేంటోయ్" అని ఆయన ఒకసారి నవ్వుతూ అన్నాడు. నవ్వుతూ అన్న మాటకి ఎదురు చెబితే గయ్యాళి అంటారు. వెళ్ళి ఉల్లిపాయలు తరిగింది.

పోయిన శనివారం మైనస్ ఇరవై ఆరు డిగ్రీల చలి. వరసలో నిలబడ్డవాళ్ళ టోపీలు కనుబొమ్మల దాకా దిగి ఉన్నాయి. ప్రార్థన మొదలుపెట్టబోతూ ఆయన కళ్ళతో సైగ చేశాడు. ఆ సైగ ఆమెకి తెలుసు. పాలకొల్లు మందిరంలో ప్రార్థనకి ఆడవాళ్ళు ముసుగేసుకుంటారు, మగవాళ్ళు తలమీది గుడ్డ తీసేస్తారు. టోపీలతో నిలబడ్డ మగవాళ్ళు వీడియోలో కనపడితే అక్కడి పెద్దలు "ఇదేం ప్రార్థనయ్యా" అంటారు. కృప చున్నీ ముసుగు సర్దుకుని వరస వెంట నడిచింది. "క్యాప్స్ ప్లీజ్, ప్రేయర్." గొణుక్కుంటూనే తీశారు. ఆకలి మరి.

చివర్న కెన్నీ ఉన్నాడు. అరవై దాటినవాడు, ప్రతివారం ఆమెని "థాంక్యూ మదర్" అనేవాడు. టోపీ తీశాడు. ప్రార్థనకి ఖాళీ చేతులతో నిలబడాలని వాళ్ళమ్మ నేర్పిందంటూ గ్లవ్స్ కూడా తీసి చేతులు జోడించాడు. వద్దని చెప్పబోయింది. అప్పటికే మైకులో "స్తోత్రం తండ్రీ" అని మొదలైంది. మధ్యలో మాట్లాడితే భక్తి లేని ఆడది అవుతుంది. కాసేపాగి చూస్తే అతని వేళ్ళు ఎర్రగా ఉన్నాయి. మళ్ళీ చూస్తే మైనంలా పాలిపోయాయి. ప్రార్థన పాలకొల్లు సంఘాన్నీ, కెనడా ప్రభుత్వాన్నీ, కొత్త మందిరం స్థలాన్నీ చుట్టి వచ్చేసరికి పదిహేడు నిమిషాలైంది. ఆ పదిహేడు నిమిషాలూ కృప నోరు మూసుకునే ఉంది.

కప్పు అందిస్తే కెన్నీ చేతిలోంచి జారింది. పొగలు కక్కే సూపు వేళ్ళమీద ఒలికినా అతను ఉలిక్కిపడలేదు.

గురువారం మధుమిత ఫోన్ చేసింది. కాలేజీలో చదువుకుంటూ షెల్టర్లో పార్ట్‌టైమ్ చేసే వరంగల్ పిల్ల. "ఆంటీ, కెన్నీ హాస్పిటల్ల ఉన్నడు. ఎడమచేతి నాలుగు వేళ్ళు దక్కవంట. మదర్ ఒక్కసారి వస్తదా అని అడుగుతున్నడు. ఆయనకి ఎవ్వరూ లేరాంటీ."

సాయంత్రం సువార్తరాజుకి టీ ఇస్తూ చెప్పింది. "రేపు వెళ్ళొస్తానండీ."

"వెళ్ళి ఏం చెబుతావ్?"

"జరిగింది చెబుతాను. తప్పు మనదని."

"ఏం తప్పు? రోజూ వీధిలో పడుకునేవాడు, వేళ్ళు ఎప్పుడు గడ్డకట్టాయో ఎవరు చూశారు? నువ్వెళ్ళి నోరు జారితే సిటీవాళ్ళు పర్మిట్ తీసేస్తారు. మూడేళ్ళ పరిచర్య బూడిదలో పోసినట్టే." ఒక గుక్క తాగి, గొంతు తగ్గించాడు. "అయినా కృపా, టోపీలు తీయమని వరసంతా తిరిగింది నువ్వు. వీడియోలో ఉన్నది నువ్వు. నేను కళ్ళు మూసుకుని ఉన్నాను."

టీలో చక్కెర సరిపోయిందా అని అడగబోయి ఆగిపోయింది. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆమె వండినవి, ఉతికినవి, మోసినవి అన్నీ ఆయన పేరు మీదే చెలామణి అయ్యాయి. ఆమె పేరు మీద ఆయన ఒప్పుకున్న మొట్టమొదటి పని ఇది. ఏడుపు రాలేదు. ఆయన అన్నది అబద్ధం కాదు కదా అనిపించింది. తిరిగింది తనే. చూసింది తనే. నోరు మూసుకుందీ తనే. ఆయన దేవుడితో ఏం చెప్పుకుంటాడో ఆయనిష్టం. కెన్నీకి చెప్పాల్సింది మాత్రం ఆయన నోటితో వచ్చేది కాదు. అయినా శుక్రవారం వెళ్ళలేకపోయింది. డ్యూటీ అయ్యేసరికి కాళ్ళు ఇంటి బస్సే ఎక్కాయి. పద్నాలుగేళ్ళ అలవాటు.

ఇవాళ్టి సూపు మూతపెట్టి, స్టవ్ కట్టేసి, చేతులు కడుక్కుంది. సువార్తరాజు మైకు బ్యాటరీ చూసుకుంటున్నాడు. పదేళ్ళ కూతురు హోప్ గ్లాసులు సంచిలో సర్దుతోంది. కృప కోటు వేసుకుని, బూట్ల జిప్పు లాగింది. చున్నీ కొక్కేనికే వేలాడుతోంది.

"అప్పుడే తయారయ్యావేంటి? గిన్నె కార్లో పెట్టాలి కదా" అన్నాడాయన.

ఆమె బస్సు కార్డు జేబులో వేసుకుంది.

"హాస్పిటల్‌కేనా? కృపా, చెప్పానా లేదా?"

"మామ్?" అంది హోప్. కృప పిల్ల తల నిమిరి, తలుపు తీసింది. చలిగాలి రివ్వున లోపలికి కొట్టింది.

"మరి సూపు ఎవరు పోస్తారు?" అని అరిచాడు సువార్తరాజు. "వరస ఎవరు చూస్తారు?"

ఆమె మెట్లు దిగి, మంచు తొక్కుకుంటూ బస్ స్టాప్ వైపు నడిచింది.