తాడులో ఎర్రపోగు

మేడమీద మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. మియాసకా నొబోరు పాత తువ్వాలుతో రెయిలింగు మీది తడి తుడిచి, నేలమీద పసుపు రంగుతో వేసిన మూడు గుర్తుల మీద ట్రైపాడ్ కాళ్ళు ఆనించాడు. ఆ గుర్తులు చెరిగిపోయినప్పుడల్లా మళ్ళీ రంగు వేసేది అతనే. చేతితొడుగుల వేలికొనలు కత్తిరించి ఉన్నాయి. చలికి వేళ్ళు కొంకర్లు పోయినా సరే, బటన్ మీద వేలు నేరుగా ఆనకపోతే అతనికి పని చేసినట్టే ఉండదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. కాస్త వంగిన నడుము. ఎడమకన్ను ఎప్పుడూ సగం మూసినట్టే ఉంటుంది. ఏళ్ళతరబడి కుడికంటితో చూసీ చూసీ ఎడమదానికి పని లేకుండా పోయిందని ఫ్యాక్టరీలో వేళాకోళం చేస్తుంటారు.

సువా సరస్సు నుంచి నది బయలుదేరే చోట, ఈవలి గట్టున ఉంది ఆ కెమెరాల కంపెనీ. కొత్త నమూనా ఏది తయారైనా ముందు మియాసకా చేతికి వస్తుంది. దానితో ఫోటోలు తీసి, లోపాలు పట్టి, మార్కులు వేయడమే అతని ఉద్యోగం. ఈ పనికి పేరు రాదు. మంచి కెమెరా అయితే తయారుచేసినవాడిని మెచ్చుకుంటారు, చెడ్డదైతే మదింపు విభాగం ఏం చేస్తోందని అడుగుతారు.

ఆవేళ అతని చేతిలో ఉన్నది కోటు జేబులో పట్టే కెమెరా. మీట నొక్కగానే మూతి ముందుకు సాగుతుంది, ఇంకా నొక్కితే ఇంకా సాగుతుంది. ఇంత చిన్నదానిలో ఇంత దూరపు చూపు పెట్టడానికి కిందటి తరం వాళ్ళు నానా తంటాలూ పడ్డారు. తీరా పెట్టేసరికి కొనే నాథుడు లేడు, అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఈ కంపెనీ చేసే చిన్న కెమెరాల్లో ఇదే ఆఖరుది. కొత్త సంవత్సరం నుంచి విభాగం ఎత్తేసి, మియాసకాను ఆస్పత్రి పరికరాల అద్దాలు పరీక్షించే చోటికి పంపుతున్నారు. మేడమీదికి ఇక ఎవరూ రానక్కర్లేదు.

అతను కెమెరాను నది అవతలికి తిప్పాడు. అక్కడొక మూడంతస్తుల పాత ఫ్లాట్ల భవనం. మూడో అంతస్తు చివరి బాల్కనీలో, ఇనుప కమ్మీకి తెల్లటి తాడు వేలాడుతోంది. తాడు పొడవునా తొక్క తీసిన వగరు పెర్సిమన్ పళ్ళు ఎండుతున్నాయి. చలికాలం వస్తోందంటే ఆ ఊళ్ళో ప్రతి ఇంటి చూరుకీ ఇవి వేలాడతాయి. వారమో పదిరోజులో ఎండాక, ఒక్కో పండునూ వేళ్ళతో మెల్లగా పిసకాలి. అలా రోజు విడిచి రోజు పిసికితేనే లోపలి గుజ్జు మెత్తబడి వగరు పోయి తీపి ఎక్కుతుంది.

ఆ బాల్కనీని గురిగా ఎంచింది ఒగుచి మాస్టారు. మియాసకాకు పని నేర్పిన మనిషి, అప్పట్లో విభాగానికి పెద్ద. ఆ ఇల్లు ఆయనదే. తాడు మందం ఎంతో ఆయనకు తెలుసు కాబట్టి, దాని అంచు ఫోటోలో ఎంత తీరుగా వచ్చిందో చూస్తే కెమెరా సత్తా తేలిపోయేది. ఒక కట్టుబాటు కూడా పెట్టాడాయన: ఫోటోలో మనుషులు పడకూడదు. "మనుషులు కదులుతారు నొబోరూ. కదిలేది కొలతకు పనికిరాదు. వాళ్ళు లోపలికి పోయేదాకా ఆగు" అనేవాడు.

మియాసకా ఆగేవాడు. ఒగుచి మాస్టారు ఉద్యోగం విరమించాక కూడా ఆగాడు. పదేళ్ళు పైమాటే. శరదృతువులో ఎండ కాసిన పొద్దున, మేడమీది కెమెరా మూతి సాగేసరికి ఆయన బాల్కనీలో కనిపించేవాడు. బొటనవేలితో పళ్ళు పిసుకుతూ, ఒకదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తూ ఉండేవాడు. జుట్టు నెరిసింది, తర్వాత పలచబడింది, తర్వాత ఊలుటోపీ వచ్చింది. అన్నీ ఇక్కడినుంచే చూశాడు మియాసకా. ఒకసారి ఆయన ఇటు తిరిగి చెయ్యెత్తాడు. మియాసకా చెయ్యెత్తలేదు. తననే అనుకోవడానికి ధైర్యం చాల్లేదు. ఆయన లోపలికి పోయేదాకా ఆగి, ఖాళీ బాల్కనీని ఫోటో తీసుకున్నాడు.

ఈ పొద్దున బాల్కనీ ఖాళీగానే ఉంది. ఆగే పని తప్పిందనుకున్నాడు. ముందు ట్రైపాడ్ మీద, తర్వాత చేత్తో పట్టుకుని వరసగా తీసి, మెట్లు దిగాడు.

కింద గదిలో విభాగాధిపతి హిరబయాషి వేడి టీ ఊదుకుంటూ ఉన్నాడు. మియాసకాకన్నా పదేళ్ళు చిన్నవాడు, మాటకారి.

"ఏమండీ మియాసకా గారూ, మన కడగొట్టుబిడ్డ ఎలా ఉంది? ఆఖరుది కదా, గారాబం చేసి ఓ రెండు మార్కులు ఎక్కువ వెయ్యండి."

"ముందు చూడనివ్వండి."

పెద్ద తెరమీద రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టారు. ఒకటి పదిరోజుల కిందట మొదటి నమూనాతో ట్రైపాడ్ మీద తీసింది, రెండోది ఇవాళ చేత్తో తీసింది. కొత్తదానిలో చెయ్యి వణుకును సర్దుకునే ఏర్పాటు మార్చారు. హిరబయాషి టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

"అబ్బ, చేత్తో తీసిందంటే ఎవరు నమ్ముతారు? తాడు అంచు చూడండి, అసలు చెదరలేదు. ఒకదానిమీద ఒకటి పెడితే అతికిపోయేట్టున్నాయి."

నిజమే. పళ్ళు, కమ్మీ, కమ్మీ మీద ఆరేసిన తువ్వాలు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మియాసకా నిలకడకు పూర్తి మార్కులు వేశాడు. తాడును ఇంకా పెద్దది చేసి చూశాడు. తెలుపుకి ఒకపక్కన గులాబీ రంగు జీర ఉంది. వెలుగుకీ నీడకీ మధ్య గీత దగ్గర ఇలా లేని రంగు అంటించడం దూరపు జూముకు మామూలుగా ఉండే జబ్బే. అర మార్కు కోశాడు.

"అర మార్కేగా, వదిలేద్దురూ. పాత నమూనాలో ఇది లేనే లేదు."

"పాతదానిలో ఇంత సన్నటివి పట్టుబడలేదు కాబట్టి ఇదీ కనిపించలేదు. కనిపించినదాన్ని కనిపించలేదని నేను రాయలేనండీ."

ఆ మాట అన్నాక అతనికి తన నోరే చేదుగా తోచింది. ఒకప్పుడు సరిగ్గా దీనికి ఎదురు పని చేశాడు. ఒగుచి మాస్టారి ఉద్యోగంలో ఆఖరి ఏడాది, డబ్బామీద ఇన్ని రెట్ల జూమ్ అని పెద్ద అంకె వేసి అమ్మాలని కంపెనీ ఒక జూమ్ కెమెరా చేసింది. పూర్తిగా సాగదీస్తే ఫోటో అంబలిలా వచ్చేది. సమావేశంలో మాస్టారు, ఇది అమ్మకూడదని భీష్మించుకున్నాడు. డైరెక్టర్లు ముఖాలు చిట్లించారు. ఆయన మియాసకా వైపు తిరిగి, "నువ్వూ చూశావుగా నొబోరూ, తాడు కనిపించిందా?" అని అడిగాడు. గదిలో అందరి కళ్ళూ తనమీదే. మియాసకా టీ గ్లాసులోకి చూస్తూ, "కనిపించినట్టే ఉందండీ" అన్నాడు. అంతే. కెమెరా బయటికొచ్చింది, బాగానే అమ్ముడుపోయింది, ఎవరూ ఫిర్యాదు కూడా చేయలేదు. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేదని అతనికి చాలాసార్లు అనిపించింది.

ఆ వసంతంలో మాస్టారు వెళ్ళిపోయాడు. వీడ్కోలు విందులో ఆయనే మియాసకా గిన్నెలో సాకే సారా పోసి, "చలికాలం వస్తే పళ్ళు వేలాడదీస్తాలే" అన్నాడు తప్ప, వేరే మాటెత్తలేదు. ఆయన్ని కలిసి తప్పు ఒప్పుకోవాలని మియాసకా ప్రతి చలికాలమూ అనుకునేవాడు. రెండుసార్లు చిక్కుడుగింజల మిఠాయి డబ్బా కూడా కొన్నాడు. రెండూ ఇంటికొచ్చిన చుట్టాలే తిన్నారు. వంతెన దాటితే పావుగంట నడక. కానీ మేడ ఎక్కినప్పుడల్లా జూములో అంత దగ్గరగా కనిపించే మనిషిని ప్రత్యేకంగా వెళ్ళి చూడాలని కాళ్ళకు తోచేది కాదు. ఇవాళ కాకపోతే రేపు, బాగానే ఉన్నాడుగా, కళ్ళతో చూస్తూనే ఉన్నానుగా అనుకునేవాడు. ఇంతకన్నా సులువుగా మనల్ని మనం మోసం చేసుకునే దారి ఇంకొకటి లేదు.

భోజనం వేళ హిరబయాషి వెళ్ళిపోయాక, మియాసకా డబ్బా విప్పి అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ తెరవైపు చూశాడు. ఫోటోలు రెండూ అలాగే ఉన్నాయి. అన్నిటికన్నా కింది పండుకి ఒక నల్లమచ్చ. పాత ఫోటోలో అది నదివైపు ఉంది. కొత్తదానిలోనూ నదివైపే ఉంది. పిసికిన పండు ఒకవైపే ఎలా ఉంటుంది? తువ్వాలు మడత చూశాడు. అదే మడత. కొత్తదానిలో నడిమి పండొకదాని మీద మాత్రం పిట్టలు పొడిచిన గుర్తులున్నాయి. ఒగుచి మాస్టారు పిట్ట వాలితే చప్పట్లు కొట్టి తరిమే మనిషి.

పదిరోజులుగా ఆ బాల్కనీలోకి ఎవరూ రాలేదు. దాన్ని చూసి తాను కెమెరా నిలకడ అనుకుని పూర్తి మార్కులు వేశాడు. డబ్బా అలాగే వదిలేశాడు. కోటు గుండీలు పెట్టుకుంటూనే బయటికి నడిచాడు.

వంతెన మీద గాలి కోస్తోంది. తాను వెళ్ళేసరికి ఆయన తలుపు తీసి, ఇన్నాళ్ళకా అని దెప్పుతాడని, తిట్లన్నీ నిలబడి వినాలని అనుకుంటూ నడిచాడు. మిఠాయి డబ్బా కొనలేదని సగం దారిలో గుర్తొచ్చింది. వెనక్కి తిరగలేదు.

మూడో అంతస్తులో చివరి తలుపు గంట రెండుసార్లు నొక్కాడు. పక్క తలుపు తెరుచుకుంది. డెబ్బై దాటిన ఆవిడ, వంటబట్ట కట్టుకుని ఉంది.

"ఎవరు కావాలి నాయనా?"

"ఒగుచి గారండీ. ఒకప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. మియాసకా అంటారు."

ఆవిడ వంటబట్టకు చేతులు తుడుచుకుంది.

"నేను కసాహారాని. పోయారు నాయనా. ఇక్కడే తలుపు దగ్గర కూలబడితే నేనే ఫోన్ చేశాను. ఆస్పత్రిలో రెండ్రోజులున్నారు. నగోయా నుంచి మేనకోడలు వచ్చి, ఆయన ఎవరికీ చెప్పొద్దన్నారని, తనే అన్నీ జరిపించింది."

మియాసకా వంగి నమస్కారం చేశాడు. లేవడం ఆలస్యమైంది. ఆవిడ తాళంచెవి తెచ్చి తలుపు తీసింది.

గదిలో పోయినవారికి దీపం పెట్టే పీఠం ముందు ఆయన ఫోటో ఉంది, ఏదో గుర్తింపు కార్డుది పెద్దది చేసినట్టుంది. మసకగా, ముఖానికి అడ్డంగా ముద్ర గుర్తుతో. ఇంతకన్నా మంచిది దొరకలేదట. ఆ మనిషి లోపలికి పోయేదాకా ఆగి ఆగి తాను తీసిన వేల ఫోటోలు మియాసకాకు గుర్తొచ్చాయి. ఒక్కదానిలోనూ ఆయన లేడు. అగరొత్తి వెలిగించబోతే అగ్గిపుల్ల రెండుసార్లు ఆరిపోయింది.

"పళ్ళు పాడవుతున్నాయి, తీసుకుపోండి" అంటూ కసాహారా బాల్కనీ తలుపు జరిపింది. "పిసకడం నాకు చేతకాదు. తాకనిచ్చేవారా అసలు? నా పళ్ళ జోలికి రాకు, నీ ఊరగాయ నువ్వు చూసుకో అనేవారు. ఎండగా ఉంటే చాలు, పొద్దున్నే ఇక్కడ నిలబడేవారు. అదిగో, ఆ మేడమీద మనిషి కనిపించగానే కాసేపు చూసి లోపలికి వచ్చేసేవారు. ఎందుకండీ అంటే, నేనిక్కడుంటే వాడి పని సాగదు, చలిలో నిలబడి ఉంటాడు పాపం అనేవారు."

మియాసకా నది అవతలికి చూశాడు. ఫ్యాక్టరీ మేడ, రెయిలింగు, దానిమీద తాను మరిచిపోయిన తువ్వాలు, ఏ అద్దమూ లేకుండానే తెలుస్తున్నాయి.

తాడు చేతిలోకి తీసుకున్నాడు. తెల్లటి పోగులతో పాటు ఒక ఎర్రపోగు మెలితిరిగి ఉంది, సన్నగా, పైనుంచి కిందిదాకా.

"అది ఆయనే పేనేవారు, ఏటా" అంది కసాహారా. "ఇదెందుకండీ ముచ్చటకా అంటే నవ్వేవారు. తాడు కనిపించిందని మావాడొకడు ఒకసారి అబద్ధం చెప్పాడమ్మా, పాపం అప్పట్నుంచి మొహం చూపించలేక చస్తున్నాడు. ఈ సన్నటి ఎరుపు వాడి కెమెరాకు కనిపించిన రోజు, నిజం చెప్పడానికి వాడే పరిగెత్తుకొస్తాడు అనేవారు. ఆ మావాడు మీరేనా?"

అతను తలూపాడు. పొద్దున చూశానని చెప్పాలనుకున్నాడు. చూసి, కెమెరా తప్పని అర మార్కు కోశానని ఎలా చెప్పడం? జేబులోంచి ఫోన్ తీశాడు.

"హిరబయాషి గారూ, ఆ అర మార్కు తిరిగి వేసేయండి. అది కెమెరా లోపం కాదు. తాడులో నిజంగానే ఎరుపుంది. ఇంకొకటి, నిలకడకు వేసిన మార్కులు కొట్టేయండి, ఆ పరీక్ష మళ్ళీ చెయ్యాలి."

"అదెలా తెలుసు మీకు? ఎక్కడున్నారసలు?"

"బాల్కనీలో. ఒగుచి మాస్టారు పోయారు."

హిరబయాషి, "నేను మేడమీదికి వెళ్తానండీ" అన్నాడు, ఎందుకో చెప్పలేదు. కొంతసేపటికి రెయిలింగు దగ్గర ఒక చిన్న ఆకారం వచ్చి నిలబడింది. మియాసకా చెయ్యెత్తాడు. ఏళ్ళ కిందట ఎత్తాల్సిన చెయ్యి అది. అవతలి చెయ్యీ లేచింది. అంత తేలిక పని తాను చేయలేకపోయినందుకు మియాసకా అక్కడే, కసాహారా చూస్తుండగానే ఏడ్చాడు.

ఆవిడ పళ్ళు ఒక్కొక్కటీ తొడిమ దగ్గర తెంపి సంచీలో వేసింది. తాడు విప్పబోతే మియాసకా వద్దన్నాడు. మేనకోడలు మళ్ళీ వచ్చేదాకా ఉండనివ్వమన్నాడు. సంచీ పట్టుకుని మెట్లు దిగి, వంతెన మొదట్లో ఆగి, ఎడమకన్ను కూడా పూర్తిగా తెరిచి వెనక్కి చూశాడు. పళ్ళ బరువు పోయిన తాడు కమ్మీకి వేలాడుతూ గాలికి మెలితిరుగుతోంది, ఇంత దూరానికి తెల్లగానే కనిపిస్తోంది.