మణికట్టు ఆనే అంచు

"పుస్తకాల అల్మారా చేద్దామనుకుంటున్నాను, తోడు రండి అత్తయ్యా" అని అబద్ధమాడి కోడలు ఆవిణ్ణి పనిముట్ల కొట్టుకు తీసుకొచ్చింది. చేయబోయేది అల్మారా కాదు. నిలబడి ఆడే వీడియోగేముల పెట్టె, అదీ ఆవిడ కోసమే.

అత్తగారు ముప్పై ఏళ్లు ఒక గేముల హాల్లో అద్దం వెనక కూర్చుని టోకెన్లు ఇచ్చింది. ఒక్కసారీ ఆడలేదు. మనవడు పసివాడుగా ఉన్నప్పుడు పగలంతా వాణ్ణి చూసుకునేది. కోడలు కాలేజీ నుంచి రాగానే పిల్లవాణ్ణి చేతికందించి, సాయంత్రం డ్యూటీకి పరుగెత్తేది. కోడలి డిగ్రీ అలా పూర్తయింది. ఆ సంగతి ఆవిడ ఏనాడూ ఎత్తలేదు. ఎత్తకపోవడం వల్లే కోడలికి కృతజ్ఞత చెప్పుకునే దారీ దొరకలేదు.

"ఇన్నేళ్లు ఆ గోల భరించింది చాలదా? మళ్లీ ఇంట్లోకి తెస్తే అమ్మ నొచ్చుకోదూ?" అని ముందురోజు అన్నాడు భర్త. ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది.

కొట్టాయన కోడలిచ్చిన చీటీలోని తొమ్మిది పనిముట్ల పేర్లూ చదివి కళ్లజోడు పైకి నెట్టాడు. "పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం లాగుందమ్మా. తిన్నటి కోతలు మా పెద్ద రంపం మీద కోసిస్తాం. వంపులకి జిగ్‌సా, బెజ్జాలకి డ్రిల్లు, ఒక మూలమట్టం, నాలుగు క్లాంపులు. చాలు."

కోడలు చీటీ తీసుకుని మడవబోతే వెనకున్న పెట్టె బొమ్మ కాగితం జారి కింద పడింది. అత్తగారు వంగి తీసింది. పక్కపలక వంపు చూడగానే గుర్తుపట్టింది.

"ఇది అల్మారానా?"

"మీ కోసమే అత్తయ్యా. వద్దంటే మానేస్తాను."

అత్తగారు బొమ్మను వెలుతురుకు పట్టుకుని కొలతలు చదివింది.

"ఇంత ఎత్తేమిటే? నా మోకాళ్ల సంగతి నీకు తెలీదూ? వంటింటి స్టూలు మీద కూర్చుంటే మోచేయి ఎక్కడికొస్తుందో అక్కడ పెట్టు." మీటలుండే పలక అంచు మీద వేలు ఆనించింది. "దీన్ని ఇలా పదునుగా వదలకు. టోకెన్లకి చెయ్యి చాపిన ప్రతి పిల్లాడికీ ఇక్కడ ఎర్రటి గీతే" అని మణికట్టు చూపించింది. "హాలు వాళ్లకి చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. విన్నదెవరు?"

కొట్టాయన లోపలికెళ్లి గుప్పిట్లో ఇమిడే చిత్రిక, ఒక చెక్క ముక్క తెచ్చాడు. "ప్లైవుడ్ అంచు పొరలు లేస్తుంది. ముందు గట్టి చెక్క పట్టీ అతికించి, దీంతో గుండ్రం చేయండి."

కోడలు బలంగా తోసింది. చిత్రిక కసుక్కున దిగబడి ఆగిపోయింది.

"పనిమంతుడు పందిరేస్తే కుక్క తోక తగిలి కూలిందట" అంది అత్తగారు. "మెల్లిగా."

ఈసారి పలచటి పొర చుట్టలు చుట్టుకుంటూ లేచింది. అత్తగారు అంచుకు మణికట్టు ఆనించి చూసి, "ఇంకాస్త" అంది. మరో నాలుగుసార్లు తోశాక, "ఊఁ" అంది.

కోడలు ఉండబట్టలేక అడిగింది. "మళ్లీ ఆ గోల... మీకు విసుగనిపించదా?"

"గోలదేముంది. నేను కూర్చున్న చోటికి పెట్టెల వీపులే కనిపించేవి. లోపల ఏం చూసి పిల్లలు అలా కేరింతలు కొట్టేవాళ్లో ముప్పై ఏళ్లూ తెలీనేలేదు." చెక్క పొరను వేలికి చుట్టుకుంది. "మీటలు ఇద్దరికీ పెట్టు. ఒక్కదాన్నే కూర్చుంటే మళ్లీ డ్యూటీ చేస్తున్నట్టుంటుంది."

కోడలు చీటీలో అయిదు పేర్లు కొట్టేసి చిత్రిక అని రాసింది. దాని కింద, ఇంకో స్టూలు.