బొట్టు పెట్టిన కర్ర

కోర్టు మనుషులు కింది వాటాలో ఉండే సియా కుంబా పరుపును మంచులోకి విసిరేస్తుంటే ఉమామహేశ్వరి పై అంతస్తు కిటికీలోంచి చూస్తూ నిలబడిపోయింది.

పార్సిప్పనీలోని ఆ అపార్ట్‌మెంట్లలో చలికాలం మొదలైనప్పటి నుంచి హీటింగ్ లేదు. పిల్లలు కోట్లతోనే పడుకుంటున్నారు. ఓనరు కంపెనీకి కావలసింది పాతవాళ్ళు విసిగి ఖాళీ చేయడమే. టౌన్ ఆఫీసులో ఫిర్యాదు చేసింది సియా ఒక్కతే. అందుకే కోర్టు ఆర్డరుతో ఖాళీ చేయించడంలో మొదటి వంతు ఆవిడది. తర్వాతది చంటిబిడ్డ తల్లి రాగిణిది.

సియా సియెర్రా లియోన్ దేశంలో తన సీమకు మొట్టమొదటి ఆడ పెద్ద. ఆడది గద్దె ఎక్కకూడదని మగవాళ్ళు దావా వేస్తే గెలిచింది. పార్లమెంటులోనూ కూర్చుంది. గనుల కంపెనీకి ఊళ్ళు రాసివ్వనన్నందుకు ప్రాణాలు దక్కించుకుని పారిపోయి వచ్చింది. ఇక్కడ వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతికింది.

కిందటి వారం ఆవిడ తన వెండిపొన్ను కర్ర తెచ్చి ఉమ చేతికిచ్చింది. సీమ పెద్ద చేతికర్ర గడపకొస్తే సభకు పిలుపు అని, ఒక ఇల్లు అందుకుని పక్కింటికి ఇవ్వాలని, ఆదివారం అందరూ మెట్ల దగ్గర చేరాలని విడమరిచి చెప్పింది.

ఉమ అంతా విన్నది. కానీ దాన్ని పసుపుతో తుడిచి, బొట్టు పెట్టి, దేవుడి పటాల పక్కన నిలబెట్టి హారతిచ్చింది.

"దండం పెట్టుకో, తప్పులేదు. తలుపులు కొట్టడం మాత్రం వద్దు. వీసా రెన్యువల్ పెండింగ్‌లో ఉంది," అన్నాడు భర్త భీమశంకరం. ఆ మాట ఆమెకూ హాయిగానే అనిపించింది. ఆదివారం మెట్ల దగ్గర సియా ఒక్కతే నిలబడింది.

ఇప్పుడు ఉమ కర్ర పట్టుకుని చెప్పులు కూడా లేకుండా కిందికి పరుగెత్తింది. గడప వదలనన్న సియాకు పోలీసులు బేడీలు వేస్తున్నారు. ఆవిడ కర్ర మీది కుంకుమ చూసి నవ్వింది.

"బాగా ముస్తాబు చేశావే. మరి పక్క తలుపు కొట్టలేదేం బిడ్డా?"

ఆవిడను కారెక్కించారు. కారు వెళ్ళిపోయింది. ఇన్నాళ్ళూ తాను దండం పెట్టింది కర్రకా, తన భయానికా? స్వామీ, నువ్వైనా చెప్పలేదేం?

ఉమ సియా ఎదురింటి తలుపు కొట్టింది. లక్ష్మీపతి తలుపు సందులోంచి చూశాడు. తనకెందుకని తలుపు వేయబోయాడు గానీ, బొట్టున్న వస్తువు ముందు చెయ్యి ఆగిపోయింది. రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు.

"లోపల పెట్టుకోకండి అన్నయ్యా," అంది ఉమ. "నేను చేసిన పాపం అదే. పక్కింటికివ్వండి. మెట్ల మీదికి రండి."

కర్ర గుమ్మం గుమ్మం తిరిగింది. కుంకుమ చెరిగి చేతులకంటింది.

కోర్టు మనుషులు రాగిణి ఇంటికి ఎక్కబోయేసరికి మెట్ల మీద అడుగు పెట్టే చోటు లేదు. అన్నిటికన్నా కింది మెట్టు మీద, ఆఫీసు బ్యాడ్జి మెడలోనే ఉంచుకుని, వణుకుతూ భీమశంకరం కూర్చున్నాడు. కర్ర అతని ఒళ్ళో అడ్డంగా ఉంది.

"లేవండి సర్," అన్నాడు ఆఫీసరు.

అతను లేవలేదు.