గీకేసిన స్టిక్కరు

మధ్యాహ్నం రెండయ్యేసరికి కోడలు వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచి, హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చుంటుంది. డాక్టర్లు గబగబా చెప్పి పంపిన రోగుల వివరాలు విని టైపు చెయ్యడం ఆమె పని. ఎదురుగా అత్తగారు కూరలు తరుగుతూ ఉంటుంది. పై వాటా టీచరమ్మ అప్పుడప్పుడూ తలుపు తోసుకుని వస్తుంది.

"పిన్నిగారూ, గోడ మీద రాసుకున్న ఫోను నంబరు పొరపాటున తుడిచేశాను. వచ్చిందేమో చూస్తారా?"

అత్తగారు మోచెయ్యి తిప్పి చూపిస్తుంది. నంబరు అక్కడ నీలంగా ఉంటుంది. ఆ ఇంట్లో ఏ రాత చెరిగినా ఆవిడ ఒంటి మీదికే చేరుతుంది. టీచరమ్మ నంబరు రాసుకుని, ఎండల గురించి రెండు మాటలు చెప్పి వెళ్లిపోతుంది.

ఆ రోజు మాత్రం రెండుంబావుకే నెట్ పోయింది. వెంటనే ఆమె పాత బటన్ల ఫోను మోగింది. భర్త పంపిన మెసేజి: "టైపింగు ఆగిందా? నన్ను ఇంటికి రానిస్తానను, నెట్ వచ్చేస్తుంది."

అత్తాకోడళ్లిద్దర్నీ లోపల పెట్టి, రెండేళ్లపాటు బయట గడియ పెట్టుకుని ఆఫీసుకి పోయిన మనిషి అతను. కోడలు అతణ్ని పంపించేసి ఐదు నెలలైంది. తల్లి మాత్రం కొడుకు వెంట వెళ్లలేదు. అతను ఎక్కడో కూర్చుని ఈ ఇంటి లైను నొక్కేస్తున్నాడన్న కోడలి అనుమానం ఇప్పుడు రూఢి అయింది. ఈ వారం ఇది మూడోసారి. నాలుగింటికల్లా ఫైలు వెళ్లకపోతే ఇక రానక్కర్లేదని కంపెనీవాళ్లు పొద్దున్నే చెప్పేశారు.

ఆమె నెట్ ఇచ్చే కేబులాయనకి ఫోన్ చేసింది. ఆయన ఎత్తేసరికి మూడు దాటింది.

"వైఫై పాస్‌వర్డ్ నిన్ననే మార్చానండీ. అయినా ఎలా వస్తున్నాడు?"

"అది గుమ్మం తాళం మేడమ్. రూటరుకి, అంటే ఆ నెట్ బాక్సుకి, వేరే లాగిన్ ఉంటుంది, అది ఇంటి పెత్తనం. కంపెనీ నుంచి వచ్చినదే ఇంకా ఉండుంటుంది. అది తెలిసినవాళ్లు బయటి నుంచి కూడా ఎక్కొచ్చు. నెట్ లేకపోయినా మీకు ఆ పేజీ తెరుచుకుంటుంది. ఐడీ, పాస్‌వర్డ్ బాక్సు కింద స్టిక్కరు మీద ఉంటాయి చూడండి."

బాక్సు తిరగేసింది. స్టిక్కరు మీద బ్లేడు గీతలు తప్ప ఇంకేం లేవు.

"గీకేసి పోయాడండీ. పిన్నుతో రీసెట్ చెయ్యనా?"

"చేస్తే లైను పూర్తిగా పోతుంది. మళ్లీ ఇవ్వాలంటే కనెక్షన్ ఎవరిదైతే వాళ్ల ఫోనుకి కోడ్ వెళ్తుంది. ఎవరి పేరున ఉంది?"

"ఆయన పేరునే," అని పెట్టేసింది.

అడ్మిన్ అని కొట్టింది. కాదంది. ఒకటి రెండు మూడు నాలుగు కొట్టింది. కాదంది. ఇంకొక్కసారి తప్పితే గంటసేపు తెరుచుకోనని తెర మీద ఎర్రగా వచ్చింది. టైము మూడున్నర. అప్పటికి గాని ఆమెకి తట్టలేదు.

"అత్తయ్యా, ఈ స్టిక్కరు గీకినప్పుడు మీకేమీ రాలేదా?"

అత్తగారు కత్తిపీట పక్కకి జరిపింది. "ఏమో, గుర్తు లేదు."

"అత్తయ్యా!"

"వాడికి ఈ ఇంటితో మిగిలింది ఆ ఒక్క తీగే అమ్మాయ్. అదీ తెంపేస్తే నాకు కొడుకు ఉన్నట్టా, లేనట్టా?"

కోడలు నేల మీద కూలబడింది. "ఈ పని కూడా పోతే వాణ్ని పిలవడం తప్ప నాకు దారి లేదు. మళ్లీ గడియ పడుతుంది. మీకూ, నాకూ."

అత్తగారు లేచి, వెనక్కి తిరిగి, జాకెట్టు విప్పింది. తడిగుడ్డతో తుడిచిన రాతలు ఆవిడ ఒంటి మీదికి సిరాలా వచ్చేవి. ఇది బ్లేడుతో గీకిన రాత. భుజాల మధ్య ఒక్కో అక్షరం పచ్చిపుండులా ఉంది.

"ఐదు నెలల నుంచీ ఇలాగేనా?" అంది కోడలు.

"చదువు ముందు. టైము పోతోంది."

ఏడో అక్షరం ముడతలో పడిపోయింది. సున్నానో, ఇంగ్లీషు ఓ అక్షరమో తెలియడం లేదు. కోడలు రెండు బొటనవేళ్లతో చర్మం లాగి పట్టింది. అత్తగారు పళ్లు బిగించింది. మధ్యలో సన్నటి అడ్డగీత కనిపించింది, సున్నాయే.

పేజీ తెరుచుకుంది. కోడలి లాప్‌టాప్ పేరు పక్కన నెట్ ఆపినట్టు అడ్డగీత ఉంది, తీసేసింది. బయటి నుంచి లాగిన్ అన్న చోట పచ్చగా వెలుగుతోంది, ఆపేసింది. ఐడీ మార్చింది. పాస్‌వర్డ్ మార్చబోతూ కాగితం అందుకుంది.

"రాయకు," అంది అత్తగారు. "నాకూ చెప్పకు. వాడు ఏడుస్తూ అడిగితే చెప్పేస్తాను. తల్లిని."

కోడలు మనసులోనే అనుకుని కొట్టింది. సేవ్ అయ్యేసరికి ఆ వీపు మీది ఎర్రదనం కళ్లముందే పలచబడింది. నాలుగుకి ఎనిమిది నిమిషాలుండగా ఫైలు వెళ్లింది.

ఐదు నిమిషాల్లో అత్తగారి ఫోను మోగింది.

"అమ్మా, ఏం పెట్టింది?"

"తెలీదురా."

"ఎక్కడైనా రాసుంటుంది, చూడు."

"చూడను. అన్నం తిన్నావా?" అనడిగింది. అతను పెట్టేశాడు.

మర్నాడు ఉద్యోగం నిలిచిందని మెయిల్ వచ్చింది. ఆ వారంలోనే కేబులాయన వచ్చి కోడలి పేరున కొత్త లైను లాగాడు. అతని ఫోన్లు మాత్రం ఆగలేదు. మోగినప్పుడల్లా అత్తగారు ఉలిక్కిపడేది, ఎత్తేది కాదు.

"ఆ నంబరు తీసేద్దామా అత్తయ్యా?"

"వద్దులేవే. తీసేస్తే అదెక్కడికి వస్తుందో నీకు తెలీదూ?" అని ఫోను బోర్లా పెట్టేసింది.