గుమ్మం వైపు తిరిగిన అక్షరాలు

ఊరేగింపు నడిచే తివాచీకి పరిచిన ఊదారంగు రంపపు పొట్టు ఇంకాస్త తడపాల్సింది, గాలి లేస్తే పువ్వుల అంచులు చెదురుతాయి, చెదిరితే చెదరనీ, అక్షరాలు నిలిస్తే చాలు, వాటికోసమే కదా తెల్లవారింది మొదలు ఈ రాళ్లవీధిలో చెక్క పలక మీద మోకాళ్లూని వంగి ఉన్నాను, నిందలు వేసే నోరా దేవుడు వింటున్నాడు, ఎంత బాగా కుదిరింది, పేరు లేదు, అయినా పక్కింటి రుపెర్తాకు తగలాల్సిన చోట తగులుతుంది, ఆమె మొగుడు సిలువ మోసే ప్రభువు పల్లకీకి భుజం పట్టి దీన్ని చదువుకుంటూనే తొక్కాలి, పన్నెండేళ్లు రెండిళ్లకీ ఒకటే తివాచీ, పువ్వులు నావి, అక్షరాలు ఆమెవి, ఈ శుభశుక్రవారం ఆమెది ఆమెదే, నాది నాదే, మధ్యలో జానెడు ఖాళీ రాయి, మంచం పట్టిన మాస్టారు దొన్ కాస్తులోకు నేను రోజూ మొక్కజొన్న జావ పట్టుకెళ్తుంటే బట్టలుతికే తొట్టి దగ్గర రుపెర్తా అందట, ఒతీలియా చెంచాతో జావ పోస్తోంది, రేపు ఆయన ఇంటి తాళాలు పట్టుకొస్తుంది చూడండి అని, అందరూ నవ్వారట, ఆ వారమే చర్చి సంఘం పెద్ద నా మొహం చూడకుండా చెప్పాడు, మరియతల్లి విగ్రహానికి ఈ ఏడు బట్టలు వేరేవాళ్లు తొడుగుతార్లేమ్మా అని, పదిహేనేళ్లుగా ఆ తల్లి చేతుల్ని పట్టుకున్న చేతులివి, నేను పల్లెత్తు మాట అనలేదు, ఫాదరు గారు కూడా మెచ్చుకున్నారు, క్రైస్తవురాలంటే నువ్వేనమ్మా, ఎంత ఓర్పు, అవును, ఎంత ఓర్పు.

దిగువనుంచి డప్పు వినిపిస్తోంది, సాంబ్రాణి పొగ మలుపు తిరిగింది, రుపెర్తా నీళ్లడబ్బా పట్టుకుని వచ్చేస్తోంది, ఇప్పుడు చదువుతుంది, చదవనీ, ఆమె మాత్రం వంగి, జరగవే, అంచులు లేచిపోతున్నాయి, ఎన్నిసార్లు చెప్పాను నీకు పొట్టు తడపమని, అంటూ నా అక్షరాల మీదే వేళ్లతో నీళ్లు చిలకరిస్తోంది, ఒక్కొక్కదాని మీదా, అలవాటు కొద్దీ, తర్వాత తల పక్కకి వంచి, ఒసేయ్ ఒతీలియా, ఊరేగింపు కిందనుంచి కదే వచ్చేది, అక్షరాలు నీ గుమ్మం వైపు పెట్టావేమిటి, ఇది నీకు తప్ప ఎవరికి చదవడానికి వస్తుందే, అని నవ్వి, ఆ నవ్వు సగంలో ఆపి నావంక చూసి, డబ్బా నా పక్కన పెట్టి వెళ్లిపోయింది.

అర్థమైందా ఆమెకి, ఏమో, నేను మాత్రం చదువుతున్నాను, తిన్నగా, నా గుమ్మం ముందు, నాకోసం, నిందలు వేసే నోరా, ఏ నోరు, నేనేమీ అనలేదుగా, జావ కలుపుతూ అన్నాను, జపమాల తిప్పుతూ అన్నాను, ఆమె కూతురి సంగతి, ఆమె వంటింటి మురికి, ఆమె చావుకి నేను వెళ్లకపోతే ఎలా ఉంటుందో కూడా, ఒక్కటీ బయటికి రాలేదు, ఒక్కటీ ఆగలేదు, పల్లకీ మోసే ఊదా అంగీల వాళ్లు దగ్గరికొస్తున్నారు, అడుగుల కింద పువ్వులు నలుగుతున్నాయి, పల్లకీ పైన ప్రభువు మొహం ఊగుతూ, పెదవులు మూసుకుని, నాలా కాదు, లోపల కూడా మూసుకుని, ఉపవాసకాలం నలభై రోజులూ నేను ఒక్క క్షణం నోరు మూయలేదు, ఆయన ఒక్క మాటా వదలకుండా విన్నాడు, అంతా విని కూడా నా వైపే నడిచి వస్తున్నాడు.