మా అమ్మ చెప్పిన సాక్ష్యం

మా చెల్లెలు ఎస్తేరుకు పదకొండో ఏట షుగర్ వచ్చింది. ఇప్పుడు పదిహేను. పొద్దున, సాయంత్రం ఇన్సులిన్ సూది వేసుకోకపోతే బతకదు. ఈ సంగతి హిందూపురం డాక్టరు మా అమ్మకు ఎన్నోసార్లు చెప్పాడు. ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే కాబట్టి నేనూ చెప్పాను.

అయినా పోయిన నెల చర్చిలో జరిగిన ఉపవాస ప్రార్థనలో అమ్మ లేచి, తన బిడ్డకు స్వస్థత కలిగిందని సాక్ష్యం చెప్పింది. ఆ వారం పరీక్షలో షుగర్ మామూలుగా వచ్చింది, అంతే. అది సూది వల్లేనని నేనంటే, దేవుడి మహిమకు అడ్డం రావద్దంది. సూది మాత్రం మాన్పించలేదు. అమ్మకూ భయమే. సంఘంవాళ్ళ కంట పడకుండా బాత్రూంలో వేసుకోమంది. ఎస్తేరు అలాగే చేసింది గానీ, ఆరాధనలో పాట ఎత్తుకోవడం మానేసింది. అబద్ధపు నోటితో ఎట్లా పాడేదని నాతో అంది.

సాక్ష్యం మా ఊరు పరిగి దాటి మడకశిర దాకా పోయింది. ఒక మంగళవారం సాయంత్రం అక్కడినుంచి యల్లక్క అనే ఆమె తన కూతురు సాయిసుధను వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. ఆ పిల్లకు పద్నాలుగేళ్ళు, అదే జబ్బు. మా చెల్లెలు పాప తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే చాలంది యల్లక్క. చేతిలో కొబ్బరికాయ ఉంది. మా క్రైస్తవుల్లో కొబ్బరికాయ కొట్టరని ఆమెకు తెలియదు.

మాటల్లో, సూది మాన్పించి రెండు రోజులైందని చెప్పింది. నమ్మకం సగం సగం ఉంటే దేవుడు పలకడని ఎవరో అన్నారట. సాయిసుధ చెంబెడు నీళ్ళు తాగి మళ్ళీ అడిగింది. బస్సులో రెండుసార్లు వాంతి చేసుకుందట. గోడకు ఆనుకుని రొప్పుతోంది. అయినా ఎస్తేరును చూసి నవ్వింది.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ తల దించుకుని, ప్రార్థన చెయ్యమని చెల్లెలికి చెప్పింది.

ఎస్తేరు లోపలికి పోయి ఇన్సులిన్ సీసా, సూది తెచ్చింది. యల్లక్క ఎదురుగా కూర్చుని పొట్టలో పొడుచుకుంది.

"చూడక్కా. నేను ఒక్క పూట గూడా మాన్లేదు. పాపను ఇప్పుడే ఆస్పత్రికి తీస్కపో. లేకుంటే సచ్చిపోతాది."

సాయిసుధ నవ్వు ఆగిపోయింది. "అయితే దేవుడు నిన్ను బాగు చెయ్యలేదా అక్కా?"

"లేదు. నేను ఇంగా అడుగుతానే ఉండా."

ఆటోలో హిందూపురం తీసుకుపోయాం. ఐసీయూ బయట యల్లక్క అమ్మను నిలదీసింది.

"ఏమమ్మా, నీ బిడ్డకైతే సూది. నా బిడ్డకు దేవుడా?"

మూడు రోజులకు ఆ పిల్ల బయటపడింది.

ఆదివారానికి ఊరంతా తెలిసిపోయింది. ఆరాధన చివర అమ్మ లేచి నిలబడింది. ఇప్పుడైనా నిజం ఒప్పుకుంటుందనుకున్నాను. స్వస్థత కలిగిన మాట నిజమేనంది. బిడ్డ అవిశ్వాసం వల్లే అది పోయిందంది. బిడ్డను క్షమించమని అందరూ ప్రార్థించాలని ఏడ్చింది. అది దొంగ ఏడుపు కాదు, నాకు తెలుసు.

సంఘమంతా ఆమేన్ అంది. చిన్నప్పటి అలవాటు, నేనూ అన్నాను. ఎస్తేరు తలెత్తి నావైపు ఒకసారి చూసి, లేచి బయటికి నడిచింది.